దస్తావేజులో అమ్మకో వాక్యం

చోడవరం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఏ దాన దస్తావేజు తీసి చదివినా సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, నాలుగు వైపులా హద్దులు ఉంటాయి. ఆ పొలం చెక్కలో ఏళ్ల తరబడి చెరకు నాటి, కలుపు తీసి, ఇప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయడానికి వచ్చిన తల్లికి రేపటి నుంచి అన్నం ఎవరు పెట్టాలన్నది మాత్రం చాలా దస్తావేజుల్లో కనిపించదు. ‘మా అబ్బాయే కదా’ అన్న నమ్మకమే అక్కడ షరతు. ఆ నమ్మకం వమ్మయిన రోజున చట్టానికి చూపించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. అందుకే అరవై దాటినవారు రాసిచ్చే ఏ దాన దస్తావేజూ పోషణ షరతు లేకుండా రిజిస్టర్ కాకూడదు. రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ ఈ మేరకు వెంటనే ఆదేశాలివ్వాలి. అవి వచ్చేదాకా ఎదురుచూడకుండా చోడవరం దస్తావేజు లేఖరులు ఆ పద్ధతిని తామే మొదలుపెట్టాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. తమ అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద పెద్దలు ఆస్తి రాసిచ్చాక, పుచ్చుకున్నవారు మాట తప్పితే ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే లెక్క. పెద్దలు కోరితే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. 23వ సెక్షన్ చెప్పేది ఇదే. చిక్కంతా ‘షరతు మీద’ అన్న మాటలో ఉంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో ఆ షరతు ఉన్నట్టు ఆధారం లేదు. బదిలీ రద్దు నిలవలేదు. 2025 జనవరి 2న జస్టిస్ సి.టి.రవికుమార్, జస్టిస్ సంజయ్ కరోల్ ధర్మాసనం మధ్యప్రదేశ్‌కు చెందిన మరో తల్లి పక్షాన తీర్పు చెప్పింది. కొడుక్కి ఆస్తి దానమిచ్చిన ఆమె, చివరిదాకా చూసుకుంటానన్న హామీ ఉన్న కాగితాన్ని కోర్టుకు చూపించగలిగింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని, ఆస్తిని తిరిగి అప్పగించమని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని ధర్మాసనం స్పష్టం చేసింది. ఒక తల్లికి ఆస్తి తిరిగి దక్కడంలో ఆ కాగితం పాత్ర ఎంతో ఉంది.

విశాఖ జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చోడవరం చుట్టూ ఉన్నది చెరకు, వరి పండే సన్న, చిన్నకారు రైతుల ప్రాంతం. పిల్లలు గాజువాక, పరవాడ, అచ్యుతాపురం పరిశ్రమల్లో పనులకు పోతున్నారు. ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు. ఉన్నచోట ఉండనివ్వని ‘వంతులు’ వాళ్లకు మరో శిక్ష. ఈ నెల పెద్దోడి ఇంట, వచ్చే నెల చిన్నోడి ఇంట. నెలకు ముప్ఫై ఒక్క రోజులు వస్తే ఆ మిగిలిన రోజు ఎవరిదన్న వాదన ఆ ముసలి చెవుల ముందే సాగుతుంది. భార్యాభర్తలను చెరో ఇంటికి పంచేయడమూ ఉంది. ఊరు దీన్ని సర్దుబాటు అనుకుంటోంది. అరవై ఏళ్లు కలిసి బతికినవాళ్లను విడదీయడం సర్దుబాటు కాదు, హింస.

హింస అంటే దెబ్బలేనన్న భ్రమ పోవాలి. పశువుల శాలలోకి మారిన మంచం, వేళకు అందని బీపీ, షుగరు మాత్రలు, కదలలేని మనిషి వీపు మీద మానని పుళ్లు, కొడుకు జేబులో ఉన్న తల్లి బ్యాంకు పాసు పుస్తకం, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇంట్లోవాళ్ల ముఖం చూశాకే జవాబు చెప్పే భయం... ఇవన్నీ ఆనవాళ్లే. కనుచూపు తగ్గినవారికి కళ్లజోడు చేయించకపోవడం, ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు’ అని వైద్యం ఆపేయడం కూడా ఈ కోవలోవే. అరవై దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో వేధింపు ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బాధితులు పెదవి విప్పరు. బిడ్డ పరువు తమ పరువే అనుకుంటారు. కాబట్టి ఫిర్యాదు వస్తే చూద్దామని కూర్చునే యంత్రాంగానికి ఈ నేరం ఎప్పటికీ కనిపించదు.

దాన్ని చూడగల కళ్లు మాత్రం మనకు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ప్రతి నెలా మొదట్లో సచివాలయ సిబ్బంది ఆ డబ్బు తీసుకుని గడప దగ్గరికే వస్తున్నారు. ప్రతి ఊళ్లో ప్రతి పింఛనుదారు ముఖాన్నీ నెలకోసారి నేరుగా చూసే ఏర్పాటు ఇంతకన్నా ఏముంటుంది? డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయే ఆ రెండు నిమిషాలకు మరో ఐదు నిమిషాలు కలపాలి. ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా మాట్లాడాలి. ఏం తిన్నారు, మందులున్నాయా, ఈ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అని అడగాలి. అనుమానం కలిగితే ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను ఆ ఇంటికి పంపాలి. 14567 ఎల్డర్‌లైన్‌కు చెప్పాలి. ఇది సిబ్బంది మంచితనానికి వదిలేసే పని కాదు. జిల్లా కలెక్టర్ రాతపూర్వకంగా అప్పగించాల్సిన విధి.

గుర్తించాక చట్టం దారి తెరిచే ఉంది. పోషణ ఖర్చు కోసం కొడుకుల మీదే కాదు, కూతుళ్ల మీద, మేజర్లయిన మనవల మీద కూడా దరఖాస్తు చేయవచ్చు. సంతానం లేనివారు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల నుంచి కోరవచ్చు. తాము వెళ్లలేనివారి తరఫున మరొకరు వేయవచ్చు. ట్రిబ్యునల్ తనంత తానుగానూ విచారణ చేపట్టవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. ఈలోగా మధ్యంతర భత్యం ఇప్పించవచ్చు. ఆదేశించిన సొమ్ము కట్టకపోతే నెల వరకు జైలు. షరతు లేకుండా ఎప్పుడో పొలం రాసిచ్చేసినవారికి కూడా ఈ పోషణ హక్కు పోదు. ఈ సంగతి ఊరూరా దండోరా వేయాలి.

ఇక పోలీసుల సంగతి. పెద్దలను చూసుకోవాల్సినవారే వారిని ఎక్కడో వదిలేసి పోతే 24వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం. అలాంటప్పుడు గుడి మెట్ల దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్సులోనో ఒంటరిగా దొరికిన ముసలాయనను ఆశ్రమంలో చేర్చి ఫొటో తీయించుకోవడంతో పోలీసు బాధ్యత తీరదు. వదిలేసింది ఎవరో వెతకాలి, కేసు కట్టాలి. ‘ఇంటి గొడవ, ఇంట్లోనే తేల్చుకోండి’ అన్న మాట స్టేషన్ గుమ్మంలో ఇక వినిపించకూడదు.

ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహించేది ఆర్డీవో. ఆయన కార్యాలయం అనకాపల్లిలో ఉంది. చోడవరం పక్క పల్లెలో మోకాళ్ల నొప్పులతో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి రెండు బస్సులు మారి, ఎవరి మీద ఫిర్యాదో వారినే తోడు రమ్మని అడిగి అక్కడికి చేరాలా? నెలకొక రోజు ట్రిబ్యునల్ చోడవరం మండల కార్యాలయంలో కూర్చోవాలి. మంచం దిగలేనివారి వాంగ్మూలం ఇంటికి వెళ్లి తీసుకోవాలి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో తేలాయి, ఆదేశించిన సొమ్ము ఎందరికి నిజంగా అందింది అన్న లెక్క ప్రతి మూడు నెలలకు నోటీసు బోర్డు మీద పెట్టాలి.

కుటుంబాన్ని కోర్టుకు ఈడిస్తే బంధాలు తెగుతాయని పెద్దమనుషులు అంటారు. అన్నం పెట్టని ఇంట్లో ఆ బంధం ముందే తెగింది. పైగా విచారణకు ముందే రాజీ కుదిర్చే అధికారి దగ్గరికి పంపే వీలు ఈ చట్టంలోనే ఉంది. పిల్లలే పేదవాళ్లయితే ఎలా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ముసలివాళ్ల మలమూత్రాలు ఎత్తే పని చాలా ఇళ్లలో ఆస్తిలో వాటా లేని కోడలి మీద పడుతోందన్నదీ నిజం. అందుకే బాధ్యత పొందిన వాటాతో పాటు నడవాలి. పిల్లలకు తాహతు లేనిచోట ప్రభుత్వం ముందుకు రావాలి. దిక్కులేని 150 మంది పెద్దలు ఉండగలిగేలా జిల్లాకొక వృద్ధాశ్రమం అన్నది ఈ చట్టం చెప్పిన మాటే. పోషణ భత్యానికి 10,000 రూపాయల పరిమితి తీసేయాలని 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. దాన్ని మళ్లీ తేవాలి.

వీటన్నిటికీ సమయం పట్టవచ్చు. దస్తావేజులో వాక్యానికి మాత్రం ఒక్క రోజు కూడా అక్కర్లేదు. ‘ఈ ఆస్తి పొందినవారు నాకు జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యం సమకూర్చాలి; సమకూర్చనిపక్షంలో ఈ దస్తావేజును రద్దు చేయించుకునే హక్కు నాకు ఉంటుంది.’ ఇంతే. ప్రేమగా చూసుకునే బిడ్డకు ఈ వాక్యం వల్ల పైసా నష్టం లేదు. దీన్ని రాయించడానికి వెనకాడే బిడ్డ ఉంటే, ఆ సంగతి రిజిస్ట్రేషన్‌కు ముందే తెలియడం తల్లికి మేలు. లేఖరి దీన్ని రాయాలి. సబ్ రిజిస్ట్రార్ కొడుకును బయట కూర్చోబెట్టి, ఆమె ఒక్కదానికే అర్థమయ్యేలా చదివి వినిపించాలి. వేలిముద్ర ఆ తర్వాతే.