పొట్ట మీద చారలకు వంటింట్లో మందు లేదు

ఏ ఆదివారం అనుబంధం తెరిచినా, ఏ యూట్యూబ్ ఛానల్ చూసినా ఇవే చిట్కాలు. కాన్పు తర్వాత పొట్ట మీద చారలు పడ్డాయా? నిమ్మచెక్క మీద పంచదార చల్లి రుద్దండి. బంగాళాదుంప రసం పూయండి. రాత్రిపూట ఆముదం గోరువెచ్చగా చేసి పట్టించండి. తల జిడ్డోడుతోందా? పెరుగూ మెంతిపిండీ కలిపి పెట్టండి, వేపుళ్లు మానండి, వారానికి ఒక్కసారి మించి తలంటుకోకండి. నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుందని చివర్లో ఒక హామీ.

ఈ సలహాలు చెప్పేవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే చెబుతారు. అయినా ఇవి తప్పు. చెప్పింది చెప్పినట్టు చేసి ఫలితం దక్కని ఆడపిల్ల, లోపం తనదేననుకుంటుంది. నేను సరిగ్గా రాయలేదు, నేను నాగా పెట్టాను, నేను నోరు కట్టుకోలేదు అనుకుంటుంది. నా కోపం ముఖ్యంగా దీని మీదే.

ముందు చారల సంగతి చూద్దాం. చర్మానికి పైన పలచటి పొర, దాని కింద మందపాటి పొర ఉంటాయి. ఆ కింది పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు అల్లుకుని ఉంటాయి. చర్మానికి బిగువు ఉన్నా, సాగి మళ్లీ యథాస్థితికి వచ్చినా వాటి వల్లే. కడుపు త్వరత్వరగా పెరుగుతున్నప్పుడు, గర్భంతో మారిన హార్మోన్లు ఆ అల్లికను మెత్తబరుస్తున్నప్పుడు, ఆ పోగులు తెగుతాయి. తెగేది లోపల. పై పొర చిరగదు, నెత్తురు రాదు. కొత్తలో అక్కడి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి కాబట్టి చార ఎర్రగానో ఊదాగానో ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ రంగు దిగిపోయి, తెల్లటి గీతగా, పక్క చర్మం కన్నా పలచగా మిగులుతుంది. పాత చార మీద వేలు పెట్టి అడ్డంగా జరిపితే సన్నటి పల్లం తగులుతుంది. లోపల మచ్చ కట్టిన చోటు అది. నిమ్మరసం, ఆముదం, బంగాళాదుంప రసం ఏవీ అక్కడిదాకా వెళ్లి తెగిన పోగును అతకలేవు.

ఇది వైద్యుల అహంకారంతో అంటున్న మాట కాదు, పరీక్షించి తేల్చిన మాట. గర్భిణులు చారలు రాకుండా పూసుకునే క్రీములూ నూనెల మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కాక్రేన్ సంస్థ 2012లో ఒకచోట చేర్చి పరిశీలించింది. మొత్తం 6 ప్రయోగాలు, 800 మంది స్త్రీలు. ఫలానాది పూస్తే చారలు ఆగుతాయని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదు. అందరూ గొప్పగా చెప్పుకునే కోకో బటర్‌ను లెబనాన్‌లోనూ జమైకాలోనూ పరీక్షించారు. అది పూసుకున్నవాళ్లకూ, అది లేని ఉత్త క్రీము పూసుకున్నవాళ్లకూ తేడా రాలేదు. ఇరాన్‌లో ఆలివ్ నూనెను పరీక్షిస్తే అక్కడా అంతే. నూనె రాస్తే సాగుతున్న చర్మానికి పొడిదనం తగ్గుతుంది, దురద కాస్త నెమ్మదిస్తుంది, రాసే చేతి స్పర్శతో మనసుకు హాయిగా ఉంటుంది. అందుకోసం రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. చారలు ఆగుతాయని చెప్పి రాయించడమే తప్పు.

మరి చిట్కా పనిచేసిందని అంతమంది ఎందుకు చెబుతారు? వాళ్లేమీ అబద్ధం ఆడటం లేదు. ఎర్రటి చార ఏమీ చెయ్యకపోయినా ఆరు నెలలకో ఏడాదికో దానంతటదే వెలిసిపోతుంది. ఆ ఆరు నెలలూ రోజూ ఏదో ఒకటి పూస్తూ ఉన్న మనిషి, వెలిసిన ఘనతను పూసినదానికే కట్టబెడుతుంది. పొట్టకు ఒక పక్క పూసి రెండో పక్క వదిలేసి చూసినవాళ్లు ఎంతమంది?

ఇక మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న ఇంకో మాట: గోక్కుంటే చారలు పడతాయట. కడుపుతో ఉన్న పిల్ల చెయ్యి పొట్ట మీదికి పోతే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు కేకేస్తారు. కాన్పయ్యాక చారలు కనిపిస్తే, చెబితే విన్నావు కాదు అని దెప్పుతారు. గోకడానికీ చారలకీ సంబంధం లేదు. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. చిన్న వయసులో గర్భం వచ్చినా, ఒళ్లు బాగా పెరిగినా, బిడ్డ పెద్దదైనా అవకాశం ఎక్కువ. గర్భిణుల్లో సగం మందికి పైగా వచ్చేవే ఇవి. వీటిలో నేరం ఎక్కడుంది?

ఈ గోకుడు కబుర్ల చాటున ఒక అసలైన ప్రమాదం దాక్కుంటుంది. ఏడో నెల దాటాక, ఒంటి మీద దద్దుర్లేమీ లేకుండా, అరచేతుల్లో, అరికాళ్లలో విపరీతమైన దురద, రాత్రయితే మరీ ఎక్కువైతే, అది చర్మం సాగే దురద కాకపోవచ్చు. కాలేయం నుంచి పిత్తరసం సరిగా పారక, అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకున్నప్పుడు ఇలాంటి దురదే వస్తుంది. అవి బాగా ఎక్కువైతే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోయే సంగతి. కొబ్బరినూనె రాసుకో, గోక్కోకు, సర్దుకుంటుంది అని రెండు వారాలు గడిపేసే ఇళ్లలో ఆ పరీక్ష ఆలస్యమవుతుంది. చిట్కాతో పోయేదేముంది అని అడిగేవాళ్లకు నా మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు నిమ్మకాయ. నిమ్మరసం ఆమ్లగుణం మన చర్మం తట్టుకునేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందులో పంచదార పలుకులు వేసి రుద్దితే పై పొర గీరుకుపోతుంది. పైగా నిమ్మజాతి రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, ఆ తర్వాత నల్లటి మచ్చలు నెలల తరబడి నిలుస్తాయి. పొట్టకు చీర కొంగు చాటైనా ఉంటుంది. చేతుల మీది చారలకు రుద్దుకుని మే నెల ఎండలో బజారుకు వెళ్లే అమ్మాయికి ఏ చాటూ లేదు. మన గోధుమరంగు, చామనఛాయ ఒళ్లు చిన్న మంటకు కూడా నల్లబడతాయి. చార పోగొట్టుకుందామని మచ్చ తెచ్చుకోవడం తప్ప ఇందులో జరిగేదేమీ లేదు.

చారలు ఒక్క గర్భిణులకే వస్తాయని కూడా మనవాళ్లు అనుకుంటారు. ఈడొచ్చి గబగబా పొడుగు పెరిగే మగపిల్లలకు నడుం మీద అడ్డగీతలు పడతాయి. ఆడపిల్లలకు తొడల మీద, పిరుదుల మీద పడతాయి. ఇవి మామూలే. మామూలు కానివి మాత్రం మెడికల్ షాపు నుంచి వస్తున్నాయి, వాటి గురించి మాట్లాడే చిట్కాల శీర్షిక నాకు ఇంతవరకు కనపడలేదు. తొడల సందున తామర వస్తుంది. డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గు. షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తాడు. అందులో తామరకు మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద తగ్గుతుంది, కనుక నమ్మకం కుదురుతుంది. ఆపితే తామర తిరగబెడుతుంది, మళ్లీ రాస్తారు. అలా నెలలు గడిచేసరికి తొడల సందున వెడల్పాటి చారలు దిగుతాయి. స్టెరాయిడ్ ఆ చోట చర్మాన్ని పలచబరిచి, పోగుల అల్లికను తినేస్తుంది. ఆ చారలు ఇక పోవు. తెల్లబడాలని ముఖానికి ఇలాంటి క్రీములే రాసుకునే అమ్మాయిలకు చర్మం పలచబడి, రక్తనాళాలు తేలి, ఎండకు మండిపోతుంది. చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా చీటీ అడగని షాపులు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో చదువరులకే తెలుసు. బంగాళాదుంప రసానికి అర పేజీ కేటాయించే పత్రిక, ఈ ట్యూబు గురించి నాలుగు వాక్యాలు రాస్తే ఎంతోమంది పిల్లల చర్మం నిలుస్తుంది.

ఇంకొక్కటి. గర్భం లేకుండా, వేలెడు వెడల్పున ముదురు ఊదారంగు చారలు పొట్ట మీద పడి, ముఖం గుండ్రంగా ఉబ్బి, కాళ్లూ చేతులూ సన్నబడుతుంటే, అది ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ హద్దు మీరిందనడానికి గుర్తు కావచ్చు. దానికి కావలసింది వైద్యం.

ఇప్పుడు జిడ్డు తల సంగతికొద్దాం. నూనె వస్తువులు తింటే ఆ నూనే తలలోంచి ఊరుతుందని ఒక గట్టి నమ్మకం. మాడులో ప్రతి వెంట్రుక మొదట్లోనూ ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అది కొవ్వునూ మైనాన్నీ తనే తయారుచేసి వెంట్రుక వెంబడి పైకి వదులుతుంది. ఎంత వదలాలో ఆజ్ఞ ఇచ్చేది రక్తంలోని ఆండ్రోజెన్ హార్మోన్లు. అందుకే ఈడు రాకముందు పిల్లల తలలు పొడిగా ఉండి, పదమూడు పద్నాలుగేళ్లకు జిడ్డెక్కుతాయి. ముట్లుడిగాక ఆడవాళ్లలో ఆ జిడ్డు మళ్లీ తగ్గుతుంది. నిన్న రాత్రి తిన్న మిరపకాయ బజ్జీకీ ఇవాళ్టి తల జిడ్డుకీ దారి లేదు. సాఫీ జుట్టు ఉన్నవాళ్లకు ఆ జిడ్డు గబగబా కిందికి జారి త్వరగా కనిపిస్తుంది, ఉంగరాల జుట్టులో మెలికల దగ్గర నిలిచిపోయి ఆలస్యంగా కనిపిస్తుంది.

తరచూ కడిగితే గ్రంథి రెచ్చిపోయి ఇంకా ఎక్కువ ఊరుస్తుందన్నది రెండో అపోహ. మాడు మీద నూనె ఉందా పోయిందా అని గ్రంథి చూసుకోదు. దానికి వచ్చే ఆజ్ఞ లోపలిది. జిడ్డు తలకు సరైన ఉపాయం చాలా మామూలుది: జిడ్డు పట్టినప్పుడు కడగడం. రోజు విడిచి రోజు కావాలంటే రోజు విడిచి రోజు. జిడ్డు మాడు మీద మలసీజియా అనే శిలీంధ్రం ఆ కొవ్వునే తిని బతుకుతుంది, దానివల్లే చుండ్రు, దురద. చుండ్రు వచ్చింది, మాడు ఎండిపోయింది అనుకుని రాత్రంతా నూనె మర్దించి వదిలేస్తే ఆ శిలీంధ్రానికి ఇంకాస్త తిండి పెట్టినట్టే. కొబ్బరినూనెను నేను తీసిపారెయ్యడం లేదు. అది వెంట్రుకలోకి ఇంకి, తలంటు సమయంలో మాంసకృత్తులు కొట్టుకుపోకుండా కాపాడుతుందని 2003లో వచ్చిన పరిశోధన చూపింది. అది వెంట్రుకకు జరిగే మేలు. జిడ్డు మాడుకు ఆ మేలు వర్తించదు. రాయాలనుకుంటే తలంటుకు గంట ముందు చివళ్లకు రాయండి.

వంటింటి వైపు నుంచి నిజంగా పనికొచ్చేది ఒకటుంది, దాని పేరు గర్వంగానే చెబుతాను: కుంకుడుకాయ. గింజ తీసి నలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే వచ్చే ఆ నురగకు కారణం సాపోనిన్లు. షాంపూలోని పదార్థం ఏ పద్ధతిలో జిడ్డును పట్టి నీళ్లతో పంపేస్తుందో ఇవీ అలాగే చేస్తాయి. కళ్లలో పడితే ఎలా మండుతుందో ఆ రసంతో తలంటించుకుని ఏడ్చిన ప్రతి మనిషికీ తెలుసు. చెట్టుకు కాసినంత మాత్రాన చర్మానికి అమృతం కాదనడానికి ఆ మంట చాలు. కుంకుడు పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుందో చెప్పగలం. మెంతిపిండి జుట్టుకు మెత్తదనం ఇస్తుంది, అంతవరకే. పెరుగు గ్రంథిని ఆపదు.

ఆడపిల్లకు తల జిడ్డుతో పాటు గడ్డం కింద మొటిమలు, పెదవి మీద వెంట్రుకలు, నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం ఉంటే అండాశయాల్లో హార్మోన్ల తేడా ఉందేమో చూడాలి. పీసీఓఎస్ అంటున్నది దాన్నే. ముల్తానీ మట్టితో ఏళ్లు గడిపి, పెళ్లయ్యాక పిల్లలు కలగలేదని అప్పుడు ఆస్పత్రికి వెళ్లే అమ్మాయిలను తలుచుకుంటే ఈ చిట్కాల మీద నాకు మరింత ఆగ్రహం కలుగుతుంది.

తిండికి అసలు పాత్రే లేదని నేననను. పంచదార, మైదా బాగా తగ్గిస్తే కొందరికి మొటిమలు తగ్గుతాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు తిండీ వ్యాయామమూ వైద్యంలో ముఖ్యమైన భాగం. కొల్లాజెన్ తయారవ్వాలంటే సి విటమిన్ కావాలి, దానికి ఒక జామకాయ చాలు, వేల రూపాయల కొల్లాజెన్ పొడి అక్కర్లేదు. ఆ పొడి కడుపులో అరిగి ముక్కలవుతుంది, పొట్ట మీది చార ఎక్కడుందో దానికి తెలియదు. అయితే అందం పేరిట తిండి తగ్గించమనే సలహా మన దేశంలో ఎవరి చెవిన పడుతోందో గుర్తుంచుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణుల్లో సగం మందికి పైగా అదే స్థితి. జిడ్డని గుడ్డూ వేరుశెనగా మానెయ్యమని, ఒళ్లు పెరిగితే చారలొస్తాయని గర్భిణిని కడుపు మాడ్చుకోమని ఈ స్త్రీలకా చెప్పడం? ఉన్నట్టుండి తిండి తగ్గించేస్తే రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లతో ఊడుతుంది. జిడ్డు పోగొట్టుకోబోయి జుట్టే పోగొట్టుకుంటారు.

చిట్కాలను తిడుతున్నానంటే కంపెనీల క్రీములకు కొమ్ము కాస్తున్నాననుకోవద్దు. గర్భిణి పొట్ట బొమ్మ వేసి అమ్మే ఖరీదైన సీసాలకు కూడా పైన చెప్పిన పరిశోధనలే జవాబు. కొత్త ఎర్రటి చారలను ట్రెటినాయిన్ అనే పూతమందు కొంత తగ్గించగలదు, కానీ గర్భంతో ఉండగా దాన్ని వాడకూడదు, పాలిచ్చే రోజుల్లో డాక్టరును అడక్కుండా ముట్టకూడదు. లేజర్ కొంత మెరుగు చూపిస్తుంది. పాత తెల్లచారలను పూర్తిగా చెరిపేసే వైద్యం ఇవాళ్టికి లేదు.

కాబట్టి పత్రికల్లో సౌందర్య శీర్షికలు నడిపేవారిని నేను కోరేది ఇదీ: నిమ్మచెక్క చిట్కాను మళ్లీ అచ్చు వెయ్యకండి. ఆ జాగాలో అరికాళ్ల దురద గురించి, స్టెరాయిడ్ ట్యూబు గురించి, నెలసరి తప్పడం గురించి రాయండి. ఇంట్లో బాలింత ఉన్న అత్తగార్లను, అమ్మలను కోరేది ఇంకా చిన్నది. ఆ పిల్ల పొట్ట మీద చారలు కనిపిస్తే ఏం రాశావు, ఏం తిన్నావు అని అడగకండి. కడుపునిండా అన్నం పెట్టండి, ఐరన్ మాత్ర వేసుకుందో లేదో చూడండి.