పెద్దమ్మా, చిట్టిమల్లూ

మా పెద్దమ్మని వృద్ధాశ్రమంలో చేర్పించటానికి మావాళ్ళంతా కలిసి నన్ను రాయబారం పంపించారు. దగ్గర్లో గుంటూరులో వుండేదాన్ని నేనొక్కదాన్నే గనుకా, నా మాట పెద్దమ్మ కాదనదని మా ఇళ్ళల్లో ఒక వదంతి వుంది గనుకా, ఆ పని నా నెత్తిన పడింది. శ్రీకృష్ణుడంతటివాడికే రాయబారం పొసగలేదు, ఇక నేనెంత! అక్కడ అయిదూళ్ళ దగ్గర చెడింది. ఇక్కడ ఒక కుక్క దగ్గర చెడింది.

పెద్దమ్మది గురజాల. వయస్సు 76. పెదనాన్న పోయి మూడేళ్ళయింది. కొడుకులిద్దరిలో ఒకడు హైదరాబాదులో, ఒకడు అమెరికాలో. నాపరాళ్ళు పరిచిన అంత పెద్ద ఇంట్లో పెద్దమ్మా, కుక్కా, రెండు ప్రాణాలు. కిందటేడు తెల్లవారుజామున దొడ్లో కాలుజారి పడి, మళ్ళీ లేవలేకపోయింది. ఆ కుక్క వీధి అరుగు మీదికి పోయి అరిచి అరిచి ఇరుగుపొరుగు వాళ్ళని లేపింది. ఎముక విరగలేదు గాని, కొడుకులకి గుండె జారింది. ఇక ఒంటరిగా వుంచటానికి వీల్లేదన్నారు. వాళ్ళన్నదాన్లో తప్పేమీ లేదు.

ఆ కుక్క పేరు చిట్టిమల్లు. పల్నాటివాళ్ళు ఆ పేరు వినగానే నవ్వుతారు. 12వ శతాబ్దం నాటి పల్నాటి కథలో, కోడిపోరుకి బ్రహ్మనాయుడి పక్షాన దిగిన పుంజు చిట్టిమల్లు. నాయకురాలు నాగమ్మది శివంగి డేగ. పందెం ఓడిన మాచర్లవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి అడవులు పట్టారు. ఆ పగ చివరికి కారెంపూడి యుద్ధభూమిలో తేలింది. మిరప కల్లం కాపలాకని పెదనాన్న తెచ్చిన నాటుకుక్క పిల్ల, పుంజులా మెడ నిక్కించి నిలబడుతుందని దానికా పేరు పెట్టాడు. "కోడి పేరు కుక్కకేమిటి పెదనాన్నా?" అంటే, "ఓడిపోయినోళ్ళ పేరు గూడా ఎవరో ఒకరు పిలుస్తుండాల గదమ్మా" అనేవాడు.

కొడుకులు చూసిన ఆశ్రమం నరసరావుపేట అవతల, కోటప్పకొండ కనిపించేంత దూరంలో వుంది. గాలీ వెలుతురూ, వారానికోసారి డాక్టరూ, పథ్యం భోజనం, ముగ్గురు ఆయాలూ, అన్నీ బాగున్నాయి. నిబంధనల కాగితంలో తొమ్మిదో అంశం మాత్రం ఒక్క ముక్కలో వుంది: జంతువులకు ప్రవేశం లేదు. కోటప్పకొండ మీద కాకి వాలదని మనవాళ్ళు చెప్పుకుంటారు గదా, ఆ కొండగాలి సోకింది కాబోలు, ఈ ఆవరణలోకి పిల్లి కూడా రాకూడదన్నమాట.

పెద్దమ్మకి ఆ మాట మెల్లగా చెప్పాను.

"అయితే నేనూ రాను" అంది.

"ఒక కుక్క కోసం ఎవరైనా..." అని నసిగాను.

"ధర్మరాజు స్వర్గం గుమ్మందాకా పోయి, కుక్కని వదిలేసి లోపలికి రమ్మంటే రానన్నాడు. అదంటే స్వర్గమే. ఇదేందే? నరసరావుపేట!"

నరసరావుపేట పాఠకులు మన్నించాలి. ఆవిడకి మీ ఊరి మీద కోపం లేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఇది చెప్పటానికే ఈ వారం కలం పట్టాను. రెంటచింతల వైపు పెదనాన్న ఎరిగిన రైతు ఒకాయన వున్నాడు. ఆయన పొలంలో చిట్టిమల్లుని వుంచుదామనీ, అక్కడైతే హాయిగా తిరుగుతుందనీ పెద్దమ్మని నమ్మించాను. అమెరికా నుంచి చిన్నవాడు ఫోనులో ఏడ్చేసరికి ఆవిడా మెత్తబడింది. కుక్కని ఆటో ఎక్కించేటప్పుడు పెద్దమ్మ బయటికి రాలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం వినబడింది.

నాలుగో రోజున గురజాల నుంచి పక్కింటావిడ ఫోను చేసింది. చిట్టిమల్లు తాడు కొరుక్కుని, అంత దూరమూ నడిచి వచ్చి, తాళం వేసిన తలుపు ముందు పడుకుందిట. కాళ్ళు పుళ్ళు పడ్డాయిట. రైతు వచ్చి మళ్ళీ తీసుకుపోయాడు. మళ్ళీ వచ్చింది. ఇక ఆయన ఊరుకున్నాడు. పక్కింటావిడ పాపం ఇంత అన్నం పడేస్తోంది.

పెద్దమ్మ రోజూ సాయంత్రం ఫోను చేసి అడిగేది: "దానికి రాత్రిపూట పెరుగన్నం పెడుతున్నారా?"

"పెడుతున్నారు పెద్దమ్మా" అనేదాన్ని.

ఇరవై మూడు రోజులు ఇలా అబద్ధం చెప్పాను. ఇరవై నాలుగో నాడు చూడటానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలవేళ. పెద్దమ్మ చిక్కిపోయింది. అందరిలాగే పెరుగన్నం కలుపుకుంది. చివర ఒక పిడికెడు ముద్ద కంచం అంచున విడిగా పెట్టింది. తొమ్మిదేళ్ళ అలవాటు. ఆయా వచ్చి ఆ కంచం తీసుకుపోయి కుళాయి కింద కడిగేసింది. పెద్దమ్మ ఆ వంకే చూస్తూ కూర్చుంది.

ఇక నా వల్ల కాలేదు. జరిగినదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీ పెదనాన్న పోయినప్పుడు గూడా గుమ్మంలో అట్టాగే పడుకుంది. తాళం తీసిందాకా అది లేవదే" అంది. అంతే, ఇటు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రమే సెక్రటరీ గారి గదికి వెళ్ళాను. ఆయన మీద విరుచుకుపడాలని వెళ్ళినదాన్ని, ఆయన మాటలు విన్నాక కొంత తగ్గాను. ఆశ్రమంలో నలభై మంది వున్నారు. చేతికర్రతో నడిచేవాళ్ళే సగం మంది. కుక్క కాళ్ళకి అడ్డంపడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయస్సులో తుంటి విరగటమంటే మాటలు కాదు. ఒకావిడకి ఉబ్బసం. మరొక పెద్దాయన, రిటైరైన తాసీల్దారు గారు, చిన్నతనంలో కుక్క కరిచి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదిమందులు వేయించుకున్నారు. కుక్క అరుపు వింటే ఇప్పటికీ ఆయనకి చెమటలు పోస్తాయి. "ఒకరి సంతోషం కోసం ఇంకొకర్ని భయపెట్టమంటారా అమ్మా?" అన్నారు సెక్రటరీ గారు. ఏం చెప్పను?

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊళ్ళో ఒక వృద్ధుల సంరక్షణాలయం వుంది. 1991లో బిల్ థామస్ అనే కుర్ర డాక్టరు అక్కడికి వెళ్ళాడు. అక్కడి ఎనభై మందినీ పీడిస్తున్నవి మూడని ఆయనకి తోచింది: ఏకాకితనం, విసుగు, నిస్సహాయత. మూడింటికీ మందుల షాపులో మందు లేదు. అంచేత ఆయన రెండు కుక్కల్నీ, నాలుగు పిల్లుల్నీ, వంద చిన్న చిలకల్నీ తెప్పించాడు. చిలకలు వచ్చినరోజున పంజరాలు ఇంకా రాలేదు. తెచ్చినవాడు వందనూ క్షౌరశాల గదిలో వదిలి తలుపు మూసి తన దారిన తను పోయాడు! పంజరాలు తరువాత వచ్చాయి గాని, అవీ బిగించనివి. ఆ గందరగోళం చూడటానికి ముసలివాళ్ళంతా కిటికీ దగ్గర పోగై పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారుట. ఈ సంగతులు అతుల్ గవాండే అనే డాక్టరు 2014లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆ తరువాత లెక్క చూస్తే, అటువంటిదే మరొక సంరక్షణాలయంతో పోలిస్తే మందుల వాడకం సగానికి తగ్గింది. మరణాలు 15 శాతం తగ్గాయి. మొక్కలు పెంచటం, పిల్లల రాకపోకలు కూడా అందులో కలిసివున్నాయి గనుక పుణ్యమంతా చిలకలకే కట్టబెట్టకూడదు. నాకు తోచిందేమిటంటే, ముసలితనంలో మనల్ని చూసేవాళ్ళు వుండటం ఒక్కటే చాలదు, మనం చూడవలసిన ప్రాణి కూడా ఒకటి వుండాలి. పొద్దున్నే లేవటానికి ఒక కారణం కావాలి గదా!

సెక్రటరీ గారికి ఈ కథ చెబితే ఓపిగ్గా విన్నారు. "బాగానే వుందమ్మా. అక్కడ కుక్క దొడ్డికెళితే ఎత్తేదెవరో ఆ పుస్తకంలో రాశారా?" అన్నారు. మంచి ప్రశ్నే. అక్కడి నుంచే మా సంధి మొదలైంది.

చట్టం సంగతీ విచారించాను. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించరాదనీ, మెజారిటీ ఓటుతోనైనా సరే కుదరదనీ జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. కాని అది ఇళ్ళవాళ్ళ సంఘాల మాట. ఆశ్రమంలో గది మన సొంతం కాదు. చేరేటప్పుడు ఏ షరతుల కింద సంతకం పెట్టామో అవే ముందు కళ్ళెదుటికి వస్తాయి. ఇంకొక చట్టం చూసేసరికి మాత్రం నా మొహం మాడింది. పెంచిన జంతువుని సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో వదిలేయటం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పక్కింటావిడ పుణ్యమా అని నేను బయటపడ్డానన్నమాట!

సంధి షరతులు ఇవి. చిట్టిమల్లు గదుల్లోకీ, భోజనశాలలోకీ రాదు. గేటు పక్కన కాపలామనిషి షెడ్డులో వుంటుంది. పొద్దున అయిదింటికీ, సాయంత్రం అయిదింటికీ మా పెద్దమ్మ దాన్ని గొలుసు పట్టుకుని ఆవరణ వెనక తిప్పుతుంది. ఆ వేళల్లో తాసీల్దారు గారు వరండాలో వుంటారు. శుభ్రం చేసే మనిషికి నెలనెలా కొడుకులు విడిగా డబ్బు పంపుతారు. రేబిస్ టీకా ఏడాదికోసారి వేయించి, పశువుల డాక్టరు చీటీ ఆఫీసులో ఇవ్వాలి. గోళ్ళు తీయాలి, పిడుదులు లేకుండా చూడాలి.

తాసీల్దారు గారి దగ్గరికి నేనే వెళ్ళి కూర్చున్నాను. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత మందు ఇప్పుడు లేదనీ, చేతికి వేసే నాలుగైదు మోతాదులతో సరిపోతుందనీ చెప్పాను. ఏ కుక్క కరిచినా, గీరినా, వెంటనే పావుగంటసేపు సబ్బుతో ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి. ఇది ఆయనకే కాదు, మనందరికీ. ఆయన విని, "ఆవిడ అన్నం తినటం లేదట గదా?" అన్నారు. "అవునండీ" అన్నాను. "నా గది వైపు రాకుండా చూడండి" అన్నారు. అంతకన్నా ఏం కావాలి?

చివరిగా సెక్రటరీ గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. "ఆవిడ తరువాత ఈ కుక్క ఎవరిది?" అని అందులో వుంది. కింద సంతకానికి చోటు. ఫోనులో హైదరాబాదు మాట్లాడలేదు, అమెరికా మాట్లాడలేదు. డబ్బు పంపగలరు గాని, వాళ్ళున్నచోటికి చిట్టిమల్లు పోలేదు. కుక్క వెంట్రుక కంటబడితే చీపురు పట్టుకునే దాన్ని నేను. అయినా రెండు ప్రతుల మీదా సంతకం పెట్టాను. ఇరవై మూడు రోజుల అబద్ధానికి ఆ మాత్రం చెల్లించవద్దూ?

మీ ఇళ్ళల్లోనూ ఇటువంటి సందర్భం రావచ్చు. అంచేత నాలుగు మాటలు. ఆశ్రమం చూడటానికి వెళ్ళినప్పుడు పడకలూ ఫ్యానులూ చూసి వచ్చేయకండి. మీ పెద్దవాళ్ళు పెంచుకునే ప్రాణి మాట మొదటే అడగండి. ఒప్పుకుంటే ఆ ముక్క కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే, ఆ ప్రాణిని తీసుకునేవాళ్ళ దగ్గర నెలరోజుల ముందుగానే అలవాటు చెయ్యండి, నాలాగా ఒక్క రోజులో తాడుకట్టి పంపకండి. కొత్తగా ఏదైనా తోడు తెచ్చిపెట్టాలనుకుంటే మన రామచిలకని మాత్రం తేకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టటం నేరం. కుక్కపిల్ల కూడా ముసలివాళ్ళకి తగదు, దాని ఉరుకులకి వీళ్ళు పడిపోతారు. వయస్సు వచ్చిన నిదానపు కుక్క మేలు. ఏదీ కుదరకపోతే ఒక తులసి కుండీ అయినా ఇచ్చి, నీళ్ళు పోసే పని వాళ్ళకే వదలండి. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళతో అబద్ధమాడకండి.

చిట్టిమల్లుని తీసుకువచ్చిన రోజున గురజాల ఇంటి తాళం తీసింది నేనే. అది లేచి లోపలికి పోయి, గదులన్నీ ఒకసారి తిరిగి చూసి, తిరిగి వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడు గాని కారెక్కలేదు.

కిందటి ఆదివారం వెళితే పెద్దమ్మ కాస్త ఒళ్ళు చేసింది. భోజనం కాగానే ఆ పిడికెడు ముద్దా ఆకులో పెట్టుకుని గేటు దగ్గరికి బయల్దేరింది. వరండాలోంచి తాసీల్దారు గారు గడియారం చూసుకుని, "ఇది వేళ కాదమ్మా!" అని గట్టిగా అన్నారు. "కట్టే వుందిలెండి" అంది పెద్దమ్మ నడుస్తూనే.

ఇంటికి వచ్చాక మావారు అడిగారు: "అంత పెద్ద బాధ్యత మీద సంతకం పెట్టేముందు నన్నొక్క మాట అడగవద్దూ?" అడగవలసిందే. కాగితం రెండో ప్రతి బీరువాలో ఇన్సూరెన్సు కాగితాల పక్కన పెట్టాను. అడగటం ఇంకా పూర్తి కాలేదు.