పలుచని రంగులోనే పనితనం

బెంగుళూరులో రూపుదిద్దుకొన్న హెచ్.ఎఫ్.-24 మారుత్ యుద్ధవిమానం 1961లో తొలిసారి గాలిలోకి లేచింది. దాని పొడవు దాదాపు 16 మీటర్లు. దానినే 72వ వంతుకు కుదించి ప్లాస్టిక్ నమూనాగా నిర్మిస్తే పొడవు 22 సెంటీమీటర్లవుతుంది. రెక్కలు, చక్రాలు, రేకుల అతుకులు అన్నీ అదే నిష్పత్తిలో చిన్నవవుతాయి. చిన్నది కానిది రంగు ఒక్కటే. నమూనాపై కాగితమంత మందాన, అనగా మిల్లీమీటరులో పదవ వంతు, రంగు పేరుకొన్నదనుకొందాం. అసలు విమానం కొలతలో అది 7 మిల్లీమీటర్లకు మించిన పూత; విమానానికి గార మెత్తినట్లే! అతుకులను సూచించే సన్నని గాడులు ఆ మందంలో పూడిపోతాయి. కొన్ని వారాలు ఓపికతో చేసిన పని కొద్ది నిమిషాలలో చెడుతుంది.

ఈ చిక్కును తప్పించడానికే నమూనాల నిర్మాతలు కుంచెను విడిచి ఎయిర్‌బ్రష్‌ను చేపడతారు. ఇందులో ఒత్తిడికి లోనైన గాలి నాజిల్ అంచును ఒరుసుకొంటూ పోయి, రంగును బయటికి లాగి, సూక్ష్మమైన తుంపరలుగా చేస్తుంది. నాజిల్ రంధ్రం సాధారణంగా 0.2 నుండి 0.5 మిల్లీమీటర్లు. సీసాలో వచ్చే రంగు చాలావరకు కుంచెకు తగిన చిక్కదనంతో ఉంటుంది. అది ఇంత సన్నని దారిలో సాఫీగా సాగదు. కనుక దానిని పలుచన చేయక తప్పదు.

దేనితో పలుచన చేయవలె? ఈ ప్రశ్నకు సమాధానం రంగు జాతిని బట్టి ఉంటుంది. ఎనామెల్ రంగులకు వైట్ స్పిరిట్, లేదా తయారీదారులు అమ్మే ఎనామెల్ థిన్నర్ తగినది. లాకర్ రంగులకు లాకర్ థిన్నరే వాడవలె. అక్రిలిక్ రంగుల విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. పేరు ఒకటే అయినా వీటిలో రెండు తెగలున్నాయి. జపానుకు చెందిన తమియా అక్రిలిక్ రంగులు ఆల్కహాలుతో చక్కగా కలుస్తాయి. స్పెయిన్‌లో తయారయ్యే వయేహో వంటి నీటి ఆధారపు రంగులలో ఆల్కహాలు పోస్తే, నిమ్మరసం పడిన పాల వలె రంగు విరిగి, జిగురుముద్దలై నాజిల్‌ను మూసివేస్తుంది. వీటికి తయారీదారుల థిన్నరే క్షేమం. తెలియని రంగు చేతికి వచ్చినప్పుడు రెండు చుక్కలు విడిగా కలిపి చూచుట మేలు.

ఇక ఎంత కలపవలె? ఎనామెల్‌కు, తమియా తరహా అక్రిలిక్‌కు సమపాళ్లతో ఆరంభించవచ్చు. లాకర్‌కు ఒక పాలు రంగుకు ఒకటి నుండి రెండు పాళ్ల థిన్నర్ పడుతుంది. ఎయిర్‌బ్రష్ కోసమే తయారైన రంగులకు కొద్ది చుక్కలు చాలు. సీసా అడుగున పేరుకొన్న వర్ణద్రవ్యం పైకి వచ్చేవరకు ముందుగా బాగా కలిపి, ఆ తరువాతనే కొలవవలె. థిన్నర్‌ను డ్రాపర్‌తో చుక్కలు లెక్కించి కలుపుతూ, ఆ లెక్కను రాసి ఉంచుకొంటే మరునాడు అదే ఫలితం దొరుకుతుంది. మిశ్రమం వెన్న తీసిన పాల వలె ఉండవలె. గిన్నె గోడకు పట్టించి వదిలితే పలుచని తెరను మిగిల్చి కిందికి జారవలె. కదలక నిలిస్తే ఇంకా చిక్కన. తెర మిగలక నీటి వలె జారిపోతే మరీ పలుచన.

గాలి ఒత్తిడిని చదరపు అంగుళానికి 15 నుండి 20 పౌన్ల మధ్య ఉంచి, ముందుగా పనికిరాని ప్లాస్టిక్ ముక్కపై చల్లి చూడవలె. దోషమేదైనా ఉంటే ఆ ముక్కపైనే బయటపడుతుంది. పూత నారింజ తొక్క వలె గరుకుగా ఉంటే రంగు సాధారణంగా చిక్కగా ఉన్నట్లు. సాలీడు కాళ్ల వలె రంగు నలువైపులా పాకితే అది మరీ పలుచన, లేదా గాలి ఒత్తిడి ఎక్కువ, లేదా బ్రష్ మరీ దగ్గర. చేతికి పొడి వలె అంటుకొంటే తుంపరలు ఉపరితలాన్ని చేరకముందే ఆరిపోతున్నవన్నమాట. బ్రష్‌ను దగ్గరకు జరపవలె, లేదా ఒత్తిడి తగ్గించవలె.

వాతావరణం కూడా ఇందులో భాగస్వామియే. ఎండలు మండే మే నెలలో హైదరాబాదులోనో నాగపూరులోనో అక్రిలిక్ రంగు సూది మొనపైనే ఎండి గడ్డకడుతుంది. ఆరుటను ఆలస్యం చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలిపి, మధ్య మధ్య సూది మొనను థిన్నర్‌లో తడిపిన దూదితో తుడవవలె. వానకాలంలో విశాఖపట్నం, ముంబయి వంటి తీరనగరాలలో చిక్కు వేరు. లాకర్ థిన్నర్ త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచగా గాలిలోని తేమ అక్కడ చేరి పూతపై తెల్లని మసక కమ్ముతుంది. అటువంటి దినాలలో పని వాయిదా వేయుటే ఉత్తమం. సీసాపై ముద్రించిన కొలత ఒక్కటే. ఋతువులు మాత్రం ఒక్కటి కావు.

రంగు సరిగా కుదిరినప్పటికీ, ఒక్క పూతతో ఉపరితలాన్ని కప్పవలెనన్న ఆత్రం తగదు. మొదటి పూత కింది ప్లాస్టిక్ లీలగా కనిపించేంత పలుచగా ఉండవలె. అది ఆరిన పిమ్మట రెండవది, మూడవది. మూడు పలుచని పూతలు కలిసినా ఒక చిక్కని పూతకన్నా సన్నగానే ఉంటాయి.

చివరిదైనా అన్నిటికన్న ముఖ్యమైన జాగ్రత్త ఒకటున్నది. నాజిల్ నుండి వెలువడే తుంపరలో కొంత నమూనాకు అంటదు. గదిలో తేలియాడి ఊపిరితిత్తులను చేరుతుంది. నీటి ఆధారపు రంగు కూడా ఇందుకు మినహాయింపు కాదు. లాకర్ వంటి వాటి ఆవిరిని ముక్కుకు కట్టుకొన్న గుడ్డ ఆపలేదు; రసాయనాల ఆవిరిని వడకట్టే మాస్కు ధరించి, కిటికీలు తెరచి, పొయ్యి, దీపం వంటి మంటలకు దూరంగా పనిచేయవలె.

గ్రంథాలలోని నిష్పత్తులు ఆరంభానికి మాత్రమే పనికివస్తాయి. రంగు కుదిరినదో లేదో చెప్పవలసినది గిన్నె గోడపై జారే తెర, పనికిరాని ప్లాస్టిక్ ముక్క. వాటిని అడగడానికి పట్టే అయిదు నిమిషాలు వారాల శ్రమను కాపాడతాయి.