నవ్వు ఎవరి మీద?

సిద్దిపేట హాస్టల్ నుంచి రాస్తున్నం.

మొన్న ఫ్రెషర్స్ పార్టీల ఒక స్కిట్ వేసిన్రు. తండా మనిషి బస్సెక్కి తప్పుల తెలుగు మాట్లాడుతడు, కండక్టర్ తిడతడు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వినం. రూముకొచ్చినంక ఎవ్వరం మాట్లాడలే. అది మా అమ్మానాయనల మాట.

అప్పుడు జానీ లీవర్ యాదికొచ్చిండు. హిందీ సినిమాల్లో కనిపించే ఆయన తెలుగాయనే. అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957లో కనిగిరిలో పుట్టి ముంబైలో పెరిగిండు. ఇంట్ల పైసల్లేక 7వ తరగతితోనే చదువు ఆగింది. సినిమా హీరోల లెక్క మాట్లాడుకుంట రోడ్ల మీద పెన్నులమ్మిండు. నాయన పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కూలీగా చేరిండు. కంపెనీ ఫంక్షన్‌ల పెద్ద ఆఫీసర్లను అనుకరిస్తే, తోటి కార్మికులే ‘జానీ లీవర్’ అని పేరు పెట్టిన్రు. స్టేజీ షోలతో సంపాదన కుదిరినంకనే 1981లో ఉద్యోగం వదిలిండు. 1982లో సునీల్ దత్ సినిమా ‘దర్ద్ కా రిష్తా’లో నటించిండు.

“చదువు లేకున్నా పైకొచ్చిండు” అని ఆయన కథ చెప్తుంటరు. మా ఇండ్లల్ల మొదటిసారి కాలేజీకొచ్చింది మేమే, ఆ మాట మేం ఒప్పుకోం. ఆయన చదువును పేదరికం గుంజుకుంది. మేం నేర్చుకున్నది వేరే. అక్కడ కూలీ మనిషి ఆఫీసర్ మీద జోకేసిండు. అదే ఆఫీసర్ కూలీ మీద వేస్తే అవమానం అయ్యేది.

వచ్చే వార్షికోత్సవంల మైకు మనం పడదాం. ఆగిన స్కాలర్‌షిప్ కోసం తిరిగిన తిరుగుళ్లు, “మీకేంది, రిజర్వేషన్ ఉంది కదా” అనే దోస్తు, మస్తు జోకులున్నయి మన దగ్గర. మన తండా, గూడెం మాటలోనే చెప్దాం. మీ కాలేజీలల్ల ఎట్లుందో కింద రాయండి.