సత్రముల సొత్తు ఎవరిది?

చెన్నపట్టణము నుండి నెల్లూరునకు పోవు దారిలో, పులికాటు సరస్సు చెంత, దొరవారి సత్రమను గ్రామము కలదు. రైలు స్టేషనుకును, మండలమునకును అదియే పేరు. బాటసారి కొఱకు వెలసిన సత్రమే ఊరైనది, ఊరే మండలమైనది. ఒకనాటి మన సీమలో అన్నము పెట్టుచోటునకు గల గౌరవమట్టిది.

1830 మే నెలలో మద్రాసు విడిచి కాశికేగి, మరుసటి యేడు సెప్టెంబరులో నెల్లూరు మీదుగా ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ను మన పఠన మందిరములలో చదువనివారు అరుదు. ప్రతి మజిలీయందును ఆయన విచారించినవి మూడు: సత్రమున్నదా? నీళ్లు మంచివా? అంగళ్లు కలవా? సుప్రీముకోర్టులో ఉద్యోగము చేసి, పల్లకీలతో, పరివారముతో బయలుదేరిన పెద్దమనిషికే సత్రము కావలసివచ్చినప్పుడు కాలినడకవాని మాట చెప్పవలెనా?

"రైళ్లు వచ్చినవి, హోటళ్లు వెలసినవి, ఇక సత్రములేల?" అని కొందఱు బుద్ధిమంతులు ప్రశ్నింతురు. వారు 2020వ సంవత్సరపు వేసవిని అప్పుడే మఱచిరా? రైళ్లు నిలిచినవి, హోటళ్లు మూతపడినవి. చెన్నపట్టణమున కూలికి వచ్చిన ఒడియావారు, బీహారీలు, పిల్లలను భుజములకెత్తుకొని ఈ రహదారినే ఉత్తరముగా నడచిరి. చెట్లనీడను, వంతెనల క్రిందను పడుకొనిరి. గంజియు మజ్జిగయు పోసిన పల్లెటూరి తల్లులే వారికి సత్రములైరి. సత్రముల పేర దాతలు విడిచిపోయిన భూములు ఆనాడు ఎవరి ఆకలి తీర్చుచుండెను?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ధర్మకార్యములకిచ్చిన సొత్తును చేతిలో నుంచుకొన్నవారు దాతల యుద్దేశమునకు విరుద్ధముగా సొంతమునకు వాడుకొనుచున్నారని కుంపిణీవారు సైతము గుర్తించి, 1817లో 7వ రెగ్యులేషను చేసి, సత్రముల పర్యవేక్షణను రెవిన్యూబోర్డునకు అప్పగించిరి. లాభమే పరమార్థముగా గల వర్తకులకు తోచినమాట మన ప్రభుత్వములకు తోచదా? 1987 నాటి 30వ చట్టము ప్రకారము ధర్మసంస్థలు రిజిస్టరు కావలెను. కమీషనరు అనుమతి లేని భూవిక్రయము చెల్లదు. చట్టమునకు లోటు లేదు. దానిని పీరువాలోనుండి తీయు చేతికే లోటు.

పాత సత్రములన్నియు స్వర్గధామములని మేము చెప్పము. పంక్తిభేదముతో పస్తుండి వెనుదిరిగిన వారెందఱో. ధర్మశాలల తలుపులు అందఱికిని తెరువవలెనని 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము శాసించినది. తలుపు తెరచునాటికి పెక్కుచోట్ల గోడలే కూలినవి!

దొరవారి సత్రము మండలములోనే నేలపట్టు చెరువున్నది. 1976 నుండి అది పక్షుల రక్షిత స్థలము. గూడబాతులు ఏటేట వచ్చి, అచ్చటి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోవుచున్నవి. వానికొఱకు సర్కారువారు పండుగ చేయుచున్నారు. చేయనిండు, పక్షులపై మాకసూయ లేదు. అతిథిని గౌరవించు గుణము మనలో చావలేదనుటకు అదియొక సాక్ష్యమని సంతసింతుము.

కాని మనుష్యుని మాట యేమి? మేము కోరునది క్రొత్త సొమ్ము కాదు. ఏ తాలూకాలో ఏ సత్రమునకు ఎన్ని యెకరములున్నవో, సర్వే నంబరు లేవో, కౌలుదారులెవరో, శిస్తెంత వచ్చుచున్నదో, ఆ శిస్తుతో ఎందఱికి అన్నము పెట్టిరో దేవాదాయ శాఖవారు జాబితా వ్రాసి ప్రతి పఠన మందిరమునకు ఒక ప్రతిని పంపవలెను. వారు పంపనిచో, మన వాలంటీర్లు సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయలు చెల్లించి, గ్రామగ్రామమునకు ఒక్కొక్క అర్జీ పెట్టవలెను. అర్జీ నమూనాను మేము వ్రాసి ఇచ్చెదము.