రంధ్రానికి ముందు చుక్క

ఇంట్లో చేసుకొన్న సర్క్యూట్ బోర్డులో 40 కాళ్ళ ఐసీ దిగలేదని, ఖరీదైన డ్రిల్లు కొనిపెట్టమన్నాడు మా మనుమడు. నా దృష్టిలో దోషం డ్రిల్లుది కాదు, కొలతది.

కాళ్ళ నడుమ దూరం 2.54 మిల్లీమీటర్లు. ప్రతి రంధ్రాన్నీ దాని ముందుదాని నుండి కొలిచాడు. 0.1 మిల్లీమీటరు పొరపాటు ఒకే వైపుకు సాగితే, 19 ఎడములు దాటేసరికి 1.9 అవుతుంది. కొలతలన్నీ మొదటి రంధ్రం నుండే తీయాలి.

అంతకంటె మేలైనది, గీసేటప్పుడే ప్రతి రాగి వలయం నడుమ చిన్న చుక్కంత ఖాళీ విడవడం. అక్కడి రాగిని ఫెర్రిక్ క్లోరైడు తినివేయగా ఏర్పడిన గుంటలో 0.8 మిల్లీమీటర్ల బిట్టు జారక నిలుస్తుంది.

యతిస్థానం చూసుకోక పద్యం మొదలుపెట్టి, ఛందస్సును నిందించిన విద్యార్థులను ఎందరినో చూశాను.

యంత్రం కొనలేదు. రెండవ బోర్డులో ఐసీ కుదురుగా కూర్చున్నది.