బిజినెస్ అనలిటిక్స్: కోర్సు పేరు చూసి అప్పు చేయొచ్చా?

బీకాం, బీబీఏ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు తరచూ వినిపిస్తున్న పేరు బిజినెస్ అనలిటిక్స్. విదేశీ చదువుల కన్సల్టెన్సీకి వెళ్తే మొదట చూపించే కోర్సుల్లో ఇదొకటి. ఇంజినీరింగ్ చదవకపోయినా సీటొస్తుంది, కోడింగ్ పెద్దగా ఉండదు, జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో సమానం అని చెప్తారు. మొదటి మాట నిజమే. రెండోది సగం నిజం. మూడోది ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

అసలు ఇందులో నేర్పేదేమిటి? అమ్మకాలు, స్టాకు, బకాయిలు, కస్టమర్లు... వ్యాపారంలో రోజూ పోగుపడే లెక్కల్లో తప్పులు ఏరేసి, యజమానికి పనికొచ్చే జవాబు తీయడం, దాన్ని చూడగానే అర్థమయ్యే చార్టుగా పెట్టడం. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్ లేదా ఆర్, పవర్ బీఐ, టాబ్లో వంటివి నేర్పుతారు. వీటన్నిటి కింద ఉండేది స్టాటిస్టిక్స్. ఇంటర్‌లో సీఈసీ చదివిన పిల్లలు తడబడేది అక్కడే. డిగ్రీలో గైడు చూసి గట్టెక్కిన కొరిలేషన్, రిగ్రెషన్ ఇక్కడ మళ్లీ ఎదురొస్తాయి, ఈసారి వదిలిపెట్టవు.

పాతబస్తీలో ఓ బట్టల దుకాణం ఉందనుకుందాం. 2024 ఏప్రిల్ అమ్మకాల పక్కన 2025 ఏప్రిల్ అమ్మకాలు పెట్టి బార్ చార్ట్ గీస్తే వ్యాపారం కుప్పకూలినట్టు కనిపిస్తుంది. అంకెలు కరెక్టే, చార్టూ కరెక్టే, తీసిన అర్థం మాత్రం తప్పు. మన దగ్గర ఈద్ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. పండగ ముందు పది రోజుల కొనుగోళ్లు ఒక ఏడు ఏప్రిల్ ఖాతాలో, మరుసటి ఏడు మార్చి ఖాతాలో పడ్డాయి. హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి నెలకు నెల పోలిస్తే ఏటా ఇదే తంతు. రంజాన్ మొదటి రోజు నుంచి లెక్కపెట్టి రెండేళ్లనూ పక్కపక్కన పెడితేనే అసలు సంగతి తేలుతుంది. ఈ విషయం సాఫ్ట్‌వేర్ దానంతటది చెప్పదు. గల్లా దగ్గర కూర్చునే తండ్రికి తెలుసు, ఆ ఇంట్లో పెరిగిన కొడుక్కో కూతురికో కూడా తెలిసే ఉంటుంది. కంపెనీల్లో దీన్నే డొమైన్ నాలెడ్జ్ అంటారు. ఇప్పుడు చార్టు గీసే పని ఏఐ టూల్స్ నిమిషాల్లో చేసిపెడుతున్నాయి, కాబట్టి దేన్ని దేనితో పోల్చాలో తెలిసినవాళ్లకే విలువ మిగిలింది.

మరి అమెరికా ఎమ్మెస్‌కు ఇంత గిరాకీ ఎందుకు? సబ్జెక్టు మీద ప్రేమ కంటే వీసా లెక్కే ఎక్కువ. 2022 జనవరిలో అమెరికా తన స్టెమ్ కోర్సుల జాబితాలో 22 కొత్త విభాగాలు చేర్చింది. వాటిలో బిజినెస్ అనలిటిక్స్ ఉంది, డేటా విజువలైజేషన్ కూడా ఉంది. దాంతో చదువయ్యాక దొరికే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. మూడేళ్లలో అప్పు తీర్చేయొచ్చని లెక్క. అయితే కోర్సు పేరులో అనలిటిక్స్ అని ఉన్నంత మాత్రాన స్టెమ్ అయిపోదు. ఎంబీఏలో అనలిటిక్స్ ఒక స్పెషలైజేషన్ అయినప్పుడు ముఖ్యంగా చూసుకోవాలి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీది సీఐపీ కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే సరిచూసుకోవాలి.

పైగా ఆ లెక్క ఇప్పుడు వదులవుతోంది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవారికి ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు గానీ, ఆ మాట మీద ఐదేళ్ల ప్లాన్ వేసుకోవడం కష్టం. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ఏడాదిలో అయిపోతుంది. అక్కడ చదువు తర్వాత ఉండనిచ్చే గడువును 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు 18 నెలలు చేస్తున్నారు.

తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల దాకా వస్తుంది, ఎంపికైతే. అమెరికాలో ఫీజు, ఖర్చులు కలిపి 30 లక్షలు దాటడం మామూలే. మిగతా సొమ్ముకు వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్లు బంగారమో ప్లాటో అమ్ముతాయి. ప్లాటు అమ్మాక ఉద్యోగం రాకపోతే ఆ దెబ్బ చెల్లి పెళ్లి దాకా, తమ్ముడి చదువు దాకా వెళ్తుంది. కన్సల్టెన్సీకి మాత్రం విద్యార్థి చేరితే చాలు, చాలాచోట్ల యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. ఈ సంగతి అక్కడి కుర్చీలో కూర్చున్నప్పుడు గుర్తుంచుకోవాలి.

ఇక్కడే చదవాలనుకునేవారికీ దారులున్నాయి. హైదరాబాద్ డిగ్రీ కాలేజీల్లో బీకాం, బీబీఏల్లోనే బిజినెస్ అనలిటిక్స్ గ్రూపు దొరుకుతోంది. చేరేముందు ఒకటి అడగాలి: స్టాటిస్టిక్స్ చెప్పడానికి ఆ సబ్జెక్టు చదివిన లెక్చరర్ ఉన్నారా, లేక కామర్స్ మాస్టారే సర్దుతున్నారా? ల్యాబ్‌లో పిల్లలు వారానికి ఎన్ని గంటలు కూర్చుంటారన్నది రెండో సంగతి. ఐఐటీ మద్రాస్ 2021 నుంచి ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ డిగ్రీ నడుపుతోంది. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పాసైతే చాలు. పరీక్షలకు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. ఆడపిల్లను దూరం పంపడానికి వెనకాడే ఇళ్లకు ఇది బాగా నప్పుతుంది, కాకపోతే లెక్కలు గట్టిగానే ఉంటాయి.

ఇంతకీ పిల్లలకు ఈ పని నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు కాదు. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం. ప్రాక్టీసుకు తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో కావలసినన్ని లెక్కలున్నాయి. ఇంట్లో దుకాణముంటే ఇంకా మేలు. రెండేళ్ల బిల్లులు ఎక్సెల్‌లో ఎక్కించి, రంజాన్ తేదీల ప్రకారం సర్ది, ఏ సరుకు ఏ వారంలో కదిలిందో అబ్బాకు చూపించమనండి. ఆయన అడిగే మొదటి రెండు ప్రశ్నలకు జవాబు వెతకడానికే ఒక వేసవి సెలవు పడుతుంది.